ముట్టడి పటం

దేవరకొండ పాత కచేరీలో
రికార్డు గదికీ మెట్లకూ నడుమ
ఎనిమిదడుగుల తైలవర్ణ చిత్రం.
కింద ఇత్తడి రేకు మీద
‘ముట్టడిలో పట్నం’ అని మాత్రం ఉంది.
ఏ పట్నమో, ముట్టడించింది ఎవరో
రాయాల్సిన చోట రెండు మేకుల బెజ్జాలు.

పదకొండు రోజుల పని నాది.
పుల్లకు చుట్టిన దూది,
దూదికి నా ఉమ్మి.
నవ్వకండి, పాత రంగుల మీది మురికికి
ఇంతకంటే మెత్తని మందు లేదు.
అగ్గిపెట్టెంత మేర తుడవడం,
దూది పారేయడం, మళ్ళీ కొత్త దూది.

మొదట ఆకాశం.
ముప్పాతిక పటం పొగే.
ఫిరంగులదనుకున్నాను.
నాలుగో రోజుకు తేలింది,
సగం పొగ యుద్ధానిది కాదు.
బీడీలది, కిరోసిన్ దీపాలది,
డెబ్బై ఏండ్ల పహాణీల దుమ్ముది.
దూది నల్లబడే కొద్దీ
పటంలో యుద్ధం తగ్గుతూ వచ్చింది.
కోట వెనక గుట్ట మీద
కాయలతో ఒక సీతాఫలం చెట్టు బయటపడింది.
ఆ కాలానికి అది ఈ నేలకు వచ్చిందో లేదో
దస్తగీరు మాస్టరు పట్టించుకోలేదు.

శత్రువులనూ పెద్దగా పట్టించుకోలేదు.
జొన్నగింజంత గుడారాలు,
ఆవగింజంత మంటలు, అంతే.
రంగంతా ఖర్చు పెట్టింది
దిగుడుబావి దగ్గరి వరుస మీద.
నలభై మూడు కుండలు. లెక్కపెట్టాను.
గట్టున కావలివాడు గిద్దతో నీళ్ళు కొలుస్తున్నాడు.
వాడి కళ్ళు గిద్ద అంచు మీదే,
ఒక్క బొట్టు ఒలికినా
తన వంతులోంచి పోతుందన్నట్టు.

అటెండరు అంజిలయ్య స్టూలెక్కి చూసి
“గీమె మా నాయనమ్మ, సాలమ్మ” అన్నాడు.
“దరఖాస్తు పట్టుకొని
ఎన్ని దినాలు గీ అరుగు మీద కూసున్నదో.
మాస్టరు పిలిచి, కుండ నెత్తికెత్తుకొని
నిలబడుమన్నడట. పూటకు పావలా.
పట్టా కాలేదు గని
బొమ్మల వడ్డది.”

అప్పుడు అందరినీ మళ్ళీ చూశాను.
పట్నం నిండా కచేరీ గేటు ముందు
కాచుకున్నవాళ్ళే.
ఒకతని పిడికిట్లో తెల్లటి మెరుపు
బాకు అనుకున్నాను నిన్నటిదాకా.
తుడిస్తే
నాలుగు మడతల కాగితం.

వరుస చివర ఒకాయన.
మోకాళ్ళు లోపలికి వంగి
వెన్ను కొడవలిలా తిరిగి.
హైదరాబాదు నుంచి వచ్చిన నిపుణుడు
‘ఒళ్ళు గీయడం రాలేదు’ అని నోటుబుక్కులో రాసుకున్నాడు.
అంజిలయ్య ఏమీ అనలేదు.
కిటికీ రెక్క తోసి
మర్రిగూడ బస్సు దిగుతున్నవాళ్ళను చూపించాడు.
ఒక్కో మెట్టుకూ రెండు చేతులు కావాలి వాళ్ళకు.
ఆ ఊళ్ళ శత్రువు
బావి చుట్టూ విడిది చెయ్యలేదు,
బావిలోనే దిగాడు.

గుడ్డ ఒక్క చోటే పోయింది, చెదలు.
సరిగ్గా కోట తలుపు ఉండాల్సిన చోట.
“మూసినట్టు వెయ్యండి, వీరంగా ఉంటది” అని ఆఫీసరు.
“తలుపు తీసిండ్రా మేడం, తియ్యలేదా?” అని అంజిలయ్య.
మాస్టరు ఎటు వేశాడో చెప్పే పోగు ఒక్కటీ మిగల్లేదు.
ఎర్రమట్టి రంగు కలిపి
ఖాళీని ఖాళీగానే నింపాను.
ఆఫీసరుకు నచ్చలేదు.

పదకొండో రోజు
సాలమ్మ కుండ అంచు దగ్గర
ఉమ్మి ఊరలేదు.
నాలుక బెండులా అంగిట్లో అతుక్కుంది.
అంజిలయ్య క్యాను వంచి
గ్లాసు నిండా పట్టిచ్చాడు.

ఆ నలభై మూడు కుండలకు వీపు తిప్పి
తాగాను.
అడుగున మిగిలిన గుక్కను
ఎక్కడ పారబొయ్యాలో
తెలియలేదు.